ఓరంగీ సందులలో వాస్తుశిల్పి



వాస్తుశిల్పి యనగానే మేడలు, గోపురములు, రాజభవనములు మన కన్నులకు కట్టును. ఆ శాస్త్రము చదివి, ఇండ్ల నమూనాలు గీయుచు తల నెరసినవాడను గనుక నేనును ఆ భావనను కాదనను. అయినను నాకొసగిన ఈ కొలది సమయములో ఒక మురుగుకాలువను గూర్చి చెప్పదలచితిని. కరాచీ నగరములో ఓరంగీ యను బస్తీజనులు తమ సొంత డబ్బుతో, తమ సందులలో, తామే వేసికొన్న కాలువ అది. దాని వెనుక ఇద్దరు వాస్తుశిల్పులు కలరు. ఒకరు ఆరిఫ్ హసన్ గారు. మరియొకరు పర్వీన్ రహమాన్ గారు. వీరు చేసిన పని ఎట్టిదో, దానివలన ఎవరికి మేలు కలిగినదో, ఎవరికి కంటగింపైనదో తెలిసికొన్నచో, వీధిలో మురుగు నిలిచిన ప్రతి యూరివారికిని కొంత ఆలోచన పుట్టునని నా నమ్మకము. నేను కరాచీని కన్నులార చూచినవాడను కాను. ఆ సంస్థవారు అచ్చువేసిన పటములను, లెక్కలను, హసన్ గారి వ్యాసములను చదివి ఈ సంగతులు మనవి చేయుచున్నాను.

మొదట స్థలమును గూర్చి చెప్పవలెను. 1965లో కరాచీ నగరాభివృద్ధి అధికారులు నగరమునకు వాయవ్యమున, కొండల యంచున, ఓరంగీ అను పేర కొన్ని ఇండ్ల స్థలములు వేసిరి. 1971లో తూర్పు పాకిస్తాను విడిపోయి బంగ్లాదేశము ఏర్పడగా, అక్కడినుండి బిహారీలు వేలకొలదిగా తరలివచ్చి ఇచ్చట చేరిరి. పఠానులు, పంజాబీలు, బలూచీలు, దేశవిభజన నాడు ఉత్తర హిందూస్థానమునుండి వలసపోయినవారి సంతతివారు, ఇట్లు నానాభాషల వారు వచ్చి కలిసిరి. అధికారులు వేసిన స్థలములు ఏమూలకును చాలలేదు. అప్పుడు దళారులు బయలుదేరి, చుట్టునున్న సర్కారు భూమిని గీతలు గీచి, ఒక్కొక్క తుండు 120 చదరపు గజముల చొప్పున అమ్ముకొనిరి. దళారి యన్నవాడు వీధిని తిన్నగా గీయగలడు. అమ్మకమునకు అది అక్కరకు వచ్చును. మురుగు ఎటు పోవలెనన్నది వాని లెక్కలో ఎందుకుండును? ఇట్లు పెరిగి పెరిగి ఓరంగీ సుమారు పదివేల యెకరముల బస్తీ అయినది. అందు ఇంచుమించు లక్ష యిండ్లు, ఏడువేలకు పైగా సందులు.

అంతమంది బీదలు ఇండ్లెట్లు కట్టుకొనిరని మీరడుగవచ్చును. అక్కడ సందు మొగలందు ‘థల్లా’ అని యొకటి యుండును. అది సిమెంటు దిమ్మెలు పోసి అమ్ము అంగడి. థల్లా నడుపువాడు దిమ్మెలను అరువిచ్చును. మేస్త్రీని కుదిర్చి పెట్టును. గది యెంత వెడల్పుండవలెనో, పైకప్పునకు ఏమి వేయవలెనో చెప్పును. అప్పు తీర్చినకొలది మరి రెండు వరుసలు గోడ లేచును. నాబోటివారు పట్టాలు పుచ్చుకొని నగరములో కూర్చుండగా, ఆ బస్తీకి వాస్తుశిల్పి ఈ దిమ్మెల వర్తకుడే. తరువాతి కథకు ఈ సంగతి ముఖ్యము గనుక దీనిని మనసున నుంచుకొనుడు.

ఇల్లు లేచినది గాని మరుగు కుదరలేదు. కొందరు బాల్చీ దొడ్లు పెట్టుకొనిరి. బాల్చీ నిండిన పిమ్మట దానిని సందులోనో వాగులోనో కుమ్మరించుటయే జరిగెడిది. కొంచెము స్థోమత కలవారు ఇంకుడు గుంటలు త్రవ్వించిరి. కొన్ని యేండ్లకు ఆ గుంటలు నిండి పొర్లెడివి. వాడుకనీరు సందు నడుమ నిలిచి, గోడల పునాదులను నానబెట్టెడిది. టైఫాయిడు, మలేరియా, అతిసారము, గజ్జి ఆ సందులకు ఇంటి చుట్టములైనవి. మగవారి సంపాదనలో ఒక భాగము ప్రతిమాసము మందులకే పోయెడిది.

1980లో ఈ బస్తీకి ఒక వృద్ధులు వచ్చిరి. వారి పేరు అక్తర్ హమీద్ ఖాన్. 1914లో ఆగ్రాలో జన్మించి, ఐ. సి. యస్. ఉద్యోగము సంపాదించి, 1943 నాటి బెంగాలు కరవును దగ్గరనుండి చూచి, 1945లో ఆ కొలువు వదలుకొన్న మహనీయులు. పిమ్మట అలీగఢ్ సమీపమున ఒక పల్లెలో కూలివానిగను, తాళములు చేయువానిగను కొంతకాలము గడిపిరి. దేశవిభజన తరువాత తూర్పు బెంగాలులోని కొమిల్లాలో గ్రామ సహకార సంఘములను నెలకొల్పి పేరొందిరి. 1963లో మెగసెసే బహుమానము అందుకొనిరి. సహకారోద్యమములో మెలగిన పెద్దలకు కొమిల్లా పేరు వినబడియే యుండును. ఒక బ్యాంకువారి ధర్మనిధి ఇచ్చిన సొమ్ముతో ఆయన ‘ఓరంగీ పైలట్ ప్రాజెక్టు’ అను చిన్న సంస్థను స్థాపించిరి. ఆ సొమ్మును కాలువలకు వెచ్చింపలేదు. మొదట సందులు తిరిగి, అరుగులమీద కూర్చుండి, జనుల మాటలు వినిరి.

నీకు కావలసినదేమని అడుగగా మురుగు బాధయే మొదటి బాధ యని పలువురు చెప్పిరి. మరి ఏల తీర్చుకొనరని అడుగగా ఖాన్ గారికి నాలుగు అడ్డంకులు కనబడినవి. మొదటిది మనసులోనిది: ఇల్లు మాది, సందు సర్కారుది, సందులో కాలువ వేయుట సర్కారు పని, అదియు ఉచితముగా వేయవలెననుట. రెండవది డబ్బు: సర్కారు గుత్తేదారుల వెలకు కాలువ వేయించుకొనుట ఆ జనుల తరము కాదు. మూడవది విద్య: వాలు చూచి భూమిలో కాలువ వేయుట వారికి తెలియదు. నాలుగవది కట్టు: పదిమంది కలిసి పని చేయు ఏర్పాటు లేదు. ఇందు మొదటిదియు నాలుగవదియు ఖాన్ గారు తీర్పగలరు. అది వారి జీవితమంతయు చేసిన పనియే. రెండవ మూడవ అడ్డంకులకు వేరొక విద్య కావలెను. అందులకే వాస్తుశిల్పిని పిలిచిరి.

ఆరిఫ్ హసన్ గారు 1943లో ఢిల్లీలో పుట్టి, 1947లో తలిదండ్రులతో కరాచీ చేరినవారు. ఇంగ్లాండులో ఆక్స్‌ఫర్డునందు వాస్తువిద్య నభ్యసించి, 1968లో తిరిగివచ్చి, నగరములో సొంత కార్యాలయము పెట్టుకొనిరి. 1982లో ఈ సంస్థకు సలహాదారులైరి. ఆయన చేసిన మొదటి పని వెలను విప్పి చూచుట. సర్కారు కాలువ అంత ప్రియమేల? గుత్తేదారుని లాభమెంత, చేతులు మారు లంచమెంత, అక్కరలేని లోతెంత, ఇనుమెంత, నిజముగా సిమెంటు ఇసుకల వెల యెంత అని విడదీసి చూడగా, లాభమును లంచమును తీసివేసి, నమూనాను సులభపరచినచో, వెల ఎన్నో రెట్లు తగ్గునని తేలినది. ఆరంభదినములలో ఒక ఇంటికి మరుగుదొడ్డియు సందు కాలువలో వాటాయు కలిసి సుమారు 1,000 రూపాయలు పడినది. ఓరంగీ కుటుంబము అప్పో సప్పో చేసి భరింపగల మొత్తమే అది.

నమూనాను సులభపరచుట యనిన ఏమో కొంచెము వివరించెదను; వాస్తుశిల్పి యన్నవాని పని ఇచ్చటనే కనబడును. సందు కాలువలో అక్కడక్కడ మనిషి దిగి శుభ్రము చేయుటకు గుంటలు, అనగా మ్యాన్‌హోళ్లు, కావలెను. ఇటుకతో కట్టినచో నేర్పరియైన తాపీవాడు కావలెను, రోజులు పట్టును. దీనికి బదులుగా గుండ్రని ఇనుపరేకు మూసలు చేయించి, ఆ మూసను గుంటలో దింపి, చుట్టును కాంక్రీటు పోయు పద్ధతి పెట్టిరి. ఆ మూసలను సంస్థవారు సందు సందుకు ఎరువిచ్చెడివారు. మరియొకటి: ఆ యిండ్లలో నీరు కొరత గనుక గొట్టములో గట్టి పదార్థము నిలిచిపోవు భయము కలదు. కావున ప్రతి యింటి దొడ్డికిని సందు కాలువకును నడుమ ‘హౌదీ’ అను ఒక చిన్న తొట్టి కట్టించిరి. బరువైనది తొట్టిలో అడుగున దిగును. నీరు మాత్రము కాలువలోనికి పోవును. తొట్టిని ఇంటివారు అప్పుడప్పుడు ఎత్తివేసికొందురు. పెద్ద పుస్తకములు చదివిన ఇంజనీరులు దీనిని చూచి పెదవి విరిచిరి. నాకు మాత్రము ఇందులో మిక్కిలి తెలివి కనబడుచున్నది. నీరు పుష్కలముగా నున్న నగరమునకు వేసిన లెక్కను, బిందెతో నీరు మోసికొనువాని ఇంటికి తగిలించిన ఫలమేమి?

అన్నియు మొదటనే చక్కగా సాగినవని యనుకొనరాదు. తొలిదినములలో కొన్ని మూతలు పగిలినవి, కాంక్రీటు పెళుసుబారినది. వెదకి చూడగా, ఇసుకలో మట్టి కలియుట, నీరెక్కువ పోయుట, పోసిన కాంక్రీటును తడుపక వదలివేయుట కారణములని తేలినది. మన మేస్త్రీలలోను ఈ మూడు గుణములు కలవారు లేకపోలేదు. సంస్థవారు ఒక్కొక్క దోషమును పరిశీలించి, చిన్న చిన్న కరపత్రములు అచ్చువేయించి, మేస్త్రీలను కూర్చుండబెట్టి నేర్పిరి. దిమ్మెలు పోయు థల్లావారిని కూడ పిలిచి, దిమ్మెలు గట్టిగా పోయు పద్ధతి చూపిరి. పైని నేను మనసున నుంచుకొనుడన్న సంగతి ఇదియే. బస్తీకి అదివరకే యున్న వాస్తుశిల్పిని తీసివేసి తాము కూర్చుండక, అతని చేతికి మరికొంత విద్య నిచ్చిరి.

ఇక సందు కట్టును గూర్చి. పది లక్షలమందిని ఒక్కచోట కూర్చుండబెట్టి ఒప్పించుట బ్రహ్మతరము కాదు. సందు యనిన ఇరువది ముప్పది ఇండ్లు. ఒకరి సంగతి ఒకరికి తెలియును. ఒకరి మాట ఒకరికి గురి. సంస్థవారు సందులో సభ జరిపి, తెరమీద చిత్రములు చూపి, నమూనా బొమ్మలు పెట్టి చెప్పెడివారు: మేము డబ్బియ్యము, కాలువ వేయము, కొలత, పటము, వెల పట్టిక, పనిముట్లు ఇచ్చెదము, తక్కినదంతయు మీదే. విన్నవారిలో పలువురు లేచిపోయెడివారు. ఒప్పుకొన్న సందువారు తమలో ఒకరిని సందుపెద్దగా ఎన్నుకొని, అందరి పక్షమున ఒక దరఖాస్తు వ్రాసి యిత్తురు. అటుపిమ్మట సంస్థవారి కుర్రవాండ్రు మట్టపు యంత్రముతో వచ్చి, ఎక్కడ ఎంత ఎత్తు, నీరు ఎటు వాలునో కొలిచి, పటము గీచి, ఎంత సిమెంటు, ఎన్ని గొట్టములు, ఎంత కూలి అని లెక్క వ్రాసి సందుపెద్ద చేతి కిత్తురు. సందుపెద్ద ఇంటింట వాటా వసూలు చేసి, సరుకు కొని, పని చేయించును. సంస్థవారు ఆ డబ్బును ముట్టరు. ఒకడు మొండికెత్తినచో ఆ తగవు సందువారే తీర్చుకొనవలెను. సంస్థ చేయి పెట్టదు. తమ చేతి డబ్బు గనుక సిమెంటు బస్తాలు రాత్రికి రాత్రి మాయము కాలేదు. మొదట పనికి పూనుకొన్నవి వాగు దగ్గరి సందులు. కాలువను నేరుగా వాగులోనికి తీయవచ్చును గదా! ఆ సందులు పొడిగా నుండుట చూచి పక్క సందువారు తామే వచ్చి అడిగిరి. వాగునకు దూరమైన సందులవారు, నడుమ పెద్ద కాలువను పది సందులు కలిసి వేసికొనవలసి వచ్చినది. కాలక్రమమున ఓరంగీ సందులలో నూటికి తొంబది పాళ్లకు పైగా ఈ విధముననే భూగర్భ కాలువలు పడినవి.

ఇచ్చట ఒక ప్రశ్న తప్పదు. ధనికుల పేటలకు సర్కారు సొమ్ముతో కాలువలు వేయుచు, బీదలను మాత్రము మీ మురుగు మీరే త్రవ్వుకొనుడనుట న్యాయమా? ఈ యాక్షేపణలో సత్యమున్నది. దానిని నేను త్రోసిపుచ్చను. దీనికి ఓరంగీవారి సమాధానమొక విభజన. మురుగు పనిని నాలుగు మెట్లుగా చూచిరి: ఇంటిలోని దొడ్డి, సందు కాలువ, సందుల నీటిని చేర్చు నడిమి కాలువ, ఆపైన ఊరి పెద్ద కాలువయు మురుగును శుద్ధిచేయు కర్మాగారమును. మొదటి మూడును ‘లోపలి పని’, అది జనులది. నాలుగవది ‘బయటి పని’, అది సర్కారుది. ఏ సందును ఎంత కలిసినను సముద్రము వరకు కాలువ వేయలేదు. సర్కారు ఎంత ధనముగలదైనను లక్ష యిండ్ల దొడ్లను కాచుకొని కూర్చుండలేదు. ఈ గీతను ఎక్కడ గీయవలెనో నిర్ణయించుటయే ఆ వాస్తుశిల్పులు చేసిన పనులన్నిటిలో పెద్దదని నేనెంచుచున్నాను. తన భాగమును పూర్తిచేసి, పటము చేతబట్టుకొని కచేరీకి పోయిన సందుపెద్ద మాటకు గల బరువు, ఉత్త అర్జీదారుని మాటకు లేదు.

హసన్ గారిని గూర్చి ఒక్క సంగతి చెప్పి ముందుకు పోయెదను. వైద్యులు పట్టము పుచ్చుకొనునపుడు ప్రమాణము చేసినట్లే, వాస్తుశిల్పులును నగర నిర్మాతలును ప్రమాణము చేయవలెనని 1983లో ఆయన వ్రాసిరి. ప్రకృతికి తీరని చెరుపు చేయు పనులు, బీదలను నిలువనీడ లేకుండ చేయు పనులు, పూర్వుల కట్టడములను నశింపజేయు పనులు తాను చేపట్టనని తమ మట్టుకు ప్రతిన పూనిరి. మా వృత్తిలో ఇట్టి ప్రతిన వలన రాబడి ఎంత తగ్గునో లెక్క కట్టగలవాడను గనుక, దానిని చులకనగా చెప్పుట లేదు.

ఆ 1983లోనే పర్వీన్ రహమాన్ గారు ఈ సంస్థలో చేరిరి. ఆమె 1957లో ఢాకాలో జన్మించిరి. 1971 యుద్ధము తరువాత వారి కుటుంబము కరాచీ చేరినది. అచటనే వాస్తువిద్య ముగించి, ఒక ఖాసగీ కార్యాలయములో కొలదికాలము పని చేసి, మనసు నిలువక ఓరంగీకి వచ్చిరి. 1988లో సంస్థను వేరు వేరు శాఖలుగా విడదీయగా, పరిశోధన, శిక్షణల శాఖకు ఆమెయే అధిపతి యైరి. ఆమె చేతిలో పని సందు దాటి నగరమంతకు వ్యాపించినది. దానికి సాధనము పటము.

పటమనిన మనవారికి కరణముగారి దస్త్రములు జ్ఞాపకము వచ్చును. అడంగలులో పేరున్నవాని పొలము వానిదైనట్లే, నగర పటములో కనబడిన బస్తీకే నగరములో ఉనికి. అధికారుల పటములలో బీదల బస్తీలున్న చోట తెల్లకాగితమే యుండెడిది. పర్వీన్ గారు బస్తీలలో పదవ తరగతి, ఇంటరు చదివిన కుర్రవాండ్రను పోగుచేసి, గొలుసు పట్టుట, మట్టము చూచుట, పటము గీయుట నేర్పించిరి. కళాశాలలలో వాస్తువిద్య చదువు విద్యార్థులను వారితో కలిపిరి. వీరందరు కాలినడకను తిరిగి, ఏ సందులో ఎవరు ఏమి కట్టుకొనిరో, మురుగు ఎక్కడికి పోవుచున్నదో గుర్తించి, కరాచీ బస్తీలలో పెక్కింటికి పటములు తయారు చేసిరి. అందు ఒక గొప్ప సంగతి బయటపడినది. అధికారుల లెక్క ప్రకారము మురుగు లేదన్న బస్తీలలో సందు కాలువలు అదివరకే యున్నవి. ఆ నీరంతయు వాననీటి వాగులలోనికి పోవుచున్నది. అట్లగుటచే వాగుల వెంబడి మూత కాలువలు వేసి, వాని చివర శుద్ధిచేయు కర్మాగారము పెట్టినచో తక్కువ సొమ్ముతో పని తీరును. వాగులను లెక్కింపక వేరొక దారిన పెద్ద కాలువలు వేసినచో వానిలోనికి చుక్క నీరైనను రాదు.

ఇది వట్టి వాదము కాదని కోరంగీ విషయములో తేలినది. కోరంగీ యనునది కరాచీలో మరియొక పేట; పేరు దగ్గరగా నున్నను ఓరంగీ వేరు. అచటి మురుగు పథకమునకు ఆసియా అభివృద్ధి బ్యాంకు 7 కోట్ల డాలర్ల అప్పు ఇయ్యజూపినది. పర్వీన్ గారి శాఖవారును, ‘అర్బన్ రిసోర్స్ సెంటర్’ అను మరియొక పౌరసంస్థవారును పటములు పరచి, అక్కడ అదివరకే యున్న కాలువలను విడిచి క్రొత్తవి వేయుట దండుగ యని, ఉన్నవానిని వాడుకొన్నచో ఖర్చు ఎంతయో తగ్గునని, లెక్కలతో నిరూపించిరి. బస్తీ సంఘములవారు వారితో కలిసి నిలిచిరి. 1999లో సింధు రాష్ట్ర ప్రభుత్వము ఆ యప్పును రద్దుచేసినది. అప్పు వలదనిపించిన వాస్తుశిల్పులను గూర్చి నేను మరెక్కడను చదువలేదు. పథకము పెద్దదైనకొలది మా రుసుము పెరుగును గదా!

పటము వలన మేలు పొందినవారు ఉన్నచోట, కడుపు మండినవారును ఉందురు. కరాచీ నగరము పెరుగుచు చుట్టునున్న పల్లెలను మ్రింగజొచ్చెను. ఆ పల్లెలను అక్కడ ‘గోఠ్’ అందురు. తాతలనాటినుండి కాపురమున్నను ఆ పల్లెవారిలో పలువురకు కాగితము లేదు. భూమి వెల యెకరము లక్షలనుండి కోట్లకు పోవుచుండగా, బలవంతులు మనుషులను పంపి పల్లెలను ఖాళీ చేయించి, స్థలములు గీచి అమ్ముకొనుచుండిరి. గోఠులకు హక్కు పత్రములిచ్చుటకు సింధు ప్రభుత్వమువారి చట్టము ఒకటి కలదు. కాని పల్లె యెక్కడ మొదలగునో, ఎక్కడ ముగియునో, అందెన్ని ఇండ్లున్నవో చూపనిదే పత్రము రాదు. పర్వీన్ గారి కుర్రవాండ్రు పల్లెపెద్దలతో కూర్చుండి, ఇల్లిల్లు కొలిచి, బావిని, శ్మశానమును, మసీదును గుర్తించి, పటములు తయారు చేసి రెవిన్యూ కచేరీలో పెట్టించిరి. ఇట్లు వేయి గోఠుల వరకు హక్కు లభించినది. నగరపు నీటి గొట్టములను దొంగతనముగా కోసి, టాంకరు బండ్లలో నింపి అమ్ముకొను రేవులను సైతము ఆమె పటములో గుర్తించి ప్రకటించిరి.

బెదిరింపులు వచ్చినవి. తోడివారు జాగ్రత్త చెప్పిరి. ఆమె రాకపోకలు మానలేదు. 2013 మార్చి 13వ తేదీ సాయంకాలము ఓరంగీలోని కార్యాలయమునుండి కారులో ఇంటికి పోవుచుండగా దుండగులు తుపాకులతో కాల్చి ఆమెను చంపిరి. అప్పటి కామె వయస్సు 56 ఏండ్లు. మరుసటి దినముననే పోలీసులు ఒకనిని కాల్చిచంపి, హంతకుడు వీడేయని చెప్పిరి. తరువాత జరిగిన న్యాయ విచారణలో ఆ మాట నిలువలేదు. బంధువులును పౌరసంఘములును విడువక పట్టుదలతో నడిపిన వ్యాజ్యములో 2021 డిసెంబరులో నలుగురికి యావజ్జీవ శిక్ష పడినది. 2022 నవంబరులో సింధు హైకోర్టు ఆ తీర్పును కొట్టివేసినది. రసమట్టము, గొలుసు, కాగితము తప్ప వేరు ఆయుధము లేని స్త్రీకి ఇట్లు జరిగినదన్నచో, ఆమె గీయించిన గీతలు ఎవరి ఆదాయమునకు అడ్డుపడినవో ఊహింపవచ్చును.

ఇక ఆ పనిలోని కొరతలను కూడ చెప్పకున్న న్యాయము కాదు. జనులు తమ మూడు మెట్లను కట్టుకొనిరి. సర్కారువారి నాలుగవ మెట్టు సగమునకు పైగా ఖాళీగానే మిగిలినది. కరాచీ మురుగులో అధికభాగము శుద్ధి కాకయే అరేబియా సముద్రములో కలియుచున్నది. వాగులలో చెత్త పోయుట, వాగు గట్టులమీద ఇండ్లు లేచుట ఆగలేదు. 2020 ఆగస్టులో మహావర్షములు పడి కరాచీ మునిగినది. ఆ పిమ్మట 2021లో సుప్రీము కోర్టు ఆజ్ఞపై గుజ్జర్ వాగు, ఓరంగీ వాగుల గట్టులమీది ఇండ్లను వేలకొలదిగా పడగొట్టిరి. పడిపోయిన వానిలో అద్దె పత్రములు, హక్కు పత్రములు గలవియు కలవు. వాగును వెడల్పు చేయవలసినదే; నీటిదారిని మూయుట ఎవరికిని తగదు. అయితే ఏ యిల్లు తీయనక్కరలేదో, తీసినవారికి ఎక్కడ చోటియ్యవలెనో నిర్ణయించుటకు కావలసినవి ఆ పటములే. వానిని ముందుగా సందువారితో కూర్చుండి చూచిన పిమ్మట యంత్రములను పంపియుండవచ్చునని హసన్ గారి వంటి పెద్దలు మొరపెట్టిరి. వినినవారు తక్కువ.

ఈ ప్రసంగమునకు ముందు నాకు తెలిసిన ఒక గ్రామపెద్ద, ఇదంతయు పట్టణపు గొడవ గదా, మా యూరికేల యని అడిగిరి. ఓరంగీ వారు సందుపెద్ద కిచ్చు కాగితములో ఏముండునో ఆయనకు చెప్పితిని; మీకును చెప్పెదను. ఆ కాగితములో సందు పొడవు, ప్రతి గడపవద్ద నేల ఎత్తు, మొదటి యింటికిని చివరి యింటికిని గల వాలు, గొట్టము దిగవలసిన లోతు, మూతల సంఖ్య, సిమెంటు బస్తాలు, ఇసుక, కంకర, కూలి రోజులు, వీని వెల, దానిని ఇండ్ల సంఖ్యచే భాగింపగా వచ్చు వాటా యుండును. అంతియే. ఈ కొలతలలో వాలు కనిపెట్టుట ఒక్కటియే కష్టము. మన మేస్త్రీలు పారదర్శకమైన గొట్టములో నీరు నింపి, రెండు కొనలు రెండు గడపలవద్ద పట్టి, నీటిమట్టము చూచి గోడలు లేపుట మీరెరిగినదే. అదే గొట్టముతో ఒక సందు వాలును ఒక్క పూటలో కొలువవచ్చును. ఆయన తమ యూరి పడమటి వీధిని కొలిపించి నాకు వ్రాసెదనని చెప్పిరి.

సమయము ముగిసినది. సెలవు.